ఉక్కు కంపెనీకి సొంత రైల్వే ఎందుకు? పిట్స్‌బర్గ్ యూనియన్ రైల్‌రోడ్ సంగతి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఉద్యోగం మీద పిట్స్‌బర్గ్ వచ్చారు. పక్కనున్న ఉక్కు మిల్లు ఊరు బ్రాడక్ మీదుగా వెళ్తున్నప్పుడల్లా "యూనియన్ రైల్‌రోడ్" అనే బండ్లు కనిపిస్తున్నాయి. ఒక్క కౌంటీ దాటి బయటికి పోని ఈ రైల్వే ఏమిటి, ఉక్కు మిల్లుకి లోపల నాలుగు షంటింగ్ ఇంజన్లు సరిపోయేదానికి ఏకంగా రైల్వే కంపెనీ ఎందుకు పెట్టారు, చుట్టుపక్కల మిల్లులన్నీ పోయాక ఇది ఇంకా ఎలా నడుస్తోంది అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. రెండు కారణాలు. బ్లాస్ట్ ఫర్నేస్, అంటే ఖనిజం కరిగించి ఇనుము తీసే కొలిమి, ఎవరి కోసమూ ఆగదు. దాని చుట్టూ తిరిగే బండ్లు మన చేతిలో లేకపోతే మిల్లు నడవదు. అందరూ చెప్పేది ఈ కారణమే, నిజమే కూడా. కానీ దీనికి మీరన్నట్టు లోపలి ఇంజన్లు చాలు. అసలు కారణం రెండోది. చట్టం దృష్టిలో అది "ఎవరి సరుకైనా మోసే రైల్వే" అయితేనే పెద్ద రైల్వేలు వసూలు చేసే కిరాయిలో వాటా దక్కుతుంది, వాటితో సాటి రైల్వేగా కూర్చుని బేరం ఆడొచ్చు. ప్లాంటు లోపలి పట్టాలకి ఆ హోదా లేదు. ఇక ఇంకా ఎలా నడుస్తోందంటే, మిగిలిన ప్లాంట్లు ఒకే కాంపౌండులో లేవు కాబట్టి. దాని గురించి చివర్లో చెప్తాను.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈయనకెలా తెలుసు అనుకుంటారు. ఒక పెద్ద ఉక్కు కర్మాగారంలో ట్రాఫిక్ విభాగంలో ముప్ఫై ఏళ్లకు పైగా చేశాను. హాట్ మెటల్ లాడిళ్లు (కరిగిన ఇనుము మోసే పాత్రలు), స్లాగ్ అనే కొలిమి మడ్డి మోసే పాత్రలు, బొగ్గు రేకులు (వ్యాగన్ల వరుసలు), డెమరేజ్ బిల్లులు (వ్యాగన్లు ఆలస్యంగా వదిలితే రైల్వే వేసే జరిమానా), వీటి మధ్యే జుట్టు నెరిసింది. మా అమ్మాయి వాళ్లు పిట్స్‌బర్గ్‌లో ఉంటారు. వచ్చినప్పుడల్లా అల్లుడు నయాగరా అంటాడు, నేను బ్రాడక్ అంటాను.

కథ కార్నెగీ దగ్గర మొదలవుతుంది. ఆయన్ని అందరూ ఉక్కు మనిషి అంటారు గానీ నా లెక్కలో ఆయన ముందు రైల్వే మనిషి. 1853లో పెన్సిల్వేనియా రైల్‌రోడ్‌లో టెలిగ్రాఫ్ ఆపరేటరుగా చేరాడు, 1859కల్లా పిట్స్‌బర్గ్ డివిజన్‌కి సూపరింటెండెంట్ అయ్యాడు, 1865లో వదిలేశాడు. అంటే సరుకు కిరాయి ఎలా కడతారో, ఎవరికి ఎంత తగ్గిస్తారో, కౌంటరు లోపలి వైపు నుంచి చూసినవాడు. 1875లో ఉత్పత్తి మొదలైన బ్రాడక్ ఉక్కు మిల్లుకి, కట్టేటప్పుడే ఎడ్గర్ థామ్సన్ వర్క్స్ అని పేరు పెట్టాడు. ఎడ్గర్ థామ్సన్ అప్పటికి అదే పెన్సిల్వేనియా రైల్‌రోడ్‌కి అధ్యక్షుడు. పని కావాల్సిన ఆఫీసరు పేరు పిల్లాడికి పెట్టుకున్నట్టన్నమాట. పట్టాలు కొనేదీ వాళ్లే, సరుకు మోసేదీ వాళ్లే. అయినా ఆ పేరు ఒక్కదాన్నే నమ్ముకోలేదు. స్థలం ఎంచుకునేటప్పుడే పెన్సిల్వేనియా లైను, దాని పోటీదారు బాల్టిమోర్ అండ్ ఒహాయో లైను, మోనంగహేలా నది, మూడూ అందుబాటులో ఉండేలా చూసుకున్నాడు.

అయినా పిట్స్‌బర్గ్ సరుకు మీద పెన్సిల్వేనియా వాళ్ల పట్టు గట్టిది. పోటీ ఉన్న ఊళ్లకి రేటు తగ్గించి, పోటీ లేని చోట ఆ నష్టం రాబట్టుకునేవాళ్లు. దీనికి విరుగుడుగా 1880ల్లో ఇంకో పెద్ద రైల్వే యజమాని వాండర్‌బిల్ట్‌తో కలిసి కార్నెగీ ఇంకో లైను వేయించే ప్రయత్నం చేశాడు, సౌత్ పెన్సిల్వేనియా రైల్‌రోడ్ అని. టన్నెళ్లు సగం తవ్వాక, 1885లో బ్యాంకరు జె.పి.మోర్గాన్ మధ్యవర్తిత్వంలో పెద్ద రైల్వేలు రాజీపడి పని ఆపేశాయి. మీరు ఎప్పుడైనా టర్న్‌పైక్ (టోలు రోడ్డు) మీద ఫిలడెల్ఫియా వైపు వెళ్తే దాటే టన్నెళ్లలో కొన్ని ఆ పాత తవ్వకాలే. 1940లో రోడ్డుకి వాడుకున్నారు.

ఆ దెబ్బ తిన్నవాడు వేసిన తర్వాతి ఎత్తు మీరు రోజూ చూస్తున్న రైల్వే. యూనియన్ రైల్‌రోడ్ కంపెనీ 1894లో ఏర్పడింది. మొదట్లో ఈస్ట్ పిట్స్‌బర్గ్ నుంచి నది వెంట కొద్ది మైళ్ల లైను, అంతే. కానీ ఆ కొద్ది మైళ్లలోనే బ్రాడక్, డుకేన్, హోమ్‌స్టెడ్ మిల్లులున్నాయి. అన్నీ కార్నెగీవే, నదికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా. వాటిని కలిపేశాక ఏ మిల్లు సరుకైనా ఏ పెద్ద రైల్వేకైనా తీసుకెళ్లి అప్పగించొచ్చు. మిల్లు గేటు దగ్గర ఒక్క రైల్వే లైనే ఉంటే దాని రేటే వేదం. పది మైళ్ల అవతల ఇంకో రైల్వేకి సొంత ఇంజనుతో లాక్కెళ్లి ఇచ్చే దారి ఉంటే, ఆ మొదటి రైల్వేవాడు మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

రెండేళ్లకి, 1896లో, ఎరీ సరస్సు ఒడ్డు దాకా పోయే ఒక నీరసించిన రైల్వేని కార్నెగీ చేజిక్కించుకున్నాడు. దాన్ని పట్టాల దగ్గర్నుంచి మళ్లీ కట్టి, అలెగెనీ నది మీద వంతెన వేసి, 1897కి ఈస్ట్ పిట్స్‌బర్గ్ దాకా తెచ్చాడు. తర్వాత బెస్సెమర్ అండ్ లేక్ ఎరీ అనే పేరు స్థిరపడింది. మిన్నెసోటా మెసాబి గనుల ఖనిజం ఓడల్లో సరస్సుల మీదుగా ఒహాయోలోని కానియాట్ రేవుకి వస్తుంది. అక్కడి నుంచి బెస్సెమర్ లైను మీద నార్త్ బెస్సెమర్ దాకా, ఆ తర్వాత యూనియన్ వాళ్ల ఇంజన్లతో బ్రాడక్ కొలిముల దాకా. తిరుగు ప్రయాణంలో అవే బండ్లలో బొగ్గు. ఖాళీ రేకు నడపడమంటే ఎంత కడుపుమంటో ట్రాఫిక్‌లో పనిచేసినవాళ్లకే తెలుసు. రెండు వైపులా లోడు దొరకడం పండగే. నార్త్ బెస్సెమర్ నుంచి ఈస్ట్ పిట్స్‌బర్గ్ దాకా ఉన్న ముక్కని 1906లో యూనియన్ లీజుకి తీసుకుంది.

ఇక్కడ గమనించాల్సింది: ఆ లైను పూర్తికాకముందే పని చేసింది. కట్టడం మొదలైందని తెలియగానే 1896లోనే పెన్సిల్వేనియా వాళ్లు మిగతా సరుకుల మీద రేట్లు తగ్గించారు. బదులుగా కోక్ (బొగ్గు నుంచి చేసే కొలిమి ఇంధనం) తయారయ్యే ప్రాంతానికి కూడా సొంత లైను వేస్తానన్న మాట కార్నెగీ వెనక్కి తీసుకున్నాడు. బండి కదలకుండానే డబ్బు మిగిలింది. 1901లో మోర్గాన్ ఆయన కంపెనీని కొని యూఎస్ స్టీల్ కట్టినప్పుడు కొలిములతో పాటు ఈ రైల్వేలు కూడా ఆ మూటలోనే వెళ్లాయి.

ఇప్పుడు "వాటా" సంగతి. మీరు మళ్లీ అడగబోయేది ఇదేనని నా అనుమానం.

బ్రాడక్ నుంచి చికాగోకి ఒక వ్యాగన్ పట్టాలు పంపారనుకోండి. మొత్తం దూరానికి కిరాయి ఒకటే. మొదటి ఐదు మైళ్లు యూనియన్ లాగి, మిగతాది పెద్ద రైల్వే లాగితే, ఆ కిరాయిని రెండు రైల్వేలూ ఒప్పందం ప్రకారం పంచుకుంటాయి. మిల్లు గేటు నుంచి జంక్షన్ దాకా లాగే ఖర్చు ఎక్కువ, దూరం తక్కువ. అందుకే చిన్న రైల్వేకి దూరం లెక్కకి మించిన వాటానే వస్తుంది. ఆ చిన్న రైల్వే యజమాని మిల్లువాడే అయితే? తను కట్టిన కిరాయిలో కొంత తన రెండో జేబులోకే తిరిగి వస్తుంది. సొంత రైల్వే లేని చిన్న మిల్లులు దీన్ని చూసి, ఇది పేరు మార్చుకున్న రిబేటు అని మొత్తుకున్నాయి. 1903లో వచ్చిన ఎల్కిన్స్ చట్టం రిబేట్లని నిషేధించింది కదా, ఇదేమిటి అని. 1914లో కలప కంపెనీల చిన్న రైల్వేల కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, యజమాని ఎవరు, బయటివాళ్ల సరుకు ఎంత ఉంది అన్నది కాదు, అడిగిన ఎవరి సరుకైనా మోయాల్సిన బాధ్యత దానికి ఉందా అన్నదే చూడాలి. ఉంటే అది రైల్వేనే. 1906 నాటి హెప్‌బర్న్ చట్టంలో రైల్వే తను తయారుచేసిన సరుకు తనే మోయకూడదని ఇంకో నిబంధన ఉంది. అది కూడా వీళ్లని పట్టుకోలేకపోయింది. చికాగో చుట్టూ తిరిగే ఎల్గిన్, జోలియట్ అండ్ ఈస్టర్న్ కూడా అప్పట్లో యూఎస్ స్టీల్ సొంతమే. 1936లో దాని కేసులో సుప్రీంకోర్టు, ఒకే పెద్ద కంపెనీ చేతిలో ఉన్నంత మాత్రాన మిల్లూ రైల్వే ఒకటే అయిపోవని తేల్చింది. నాకైతే ఆ చిన్న మిల్లుల మొర న్యాయమే అనిపిస్తుంది. చట్టం మాత్రం అటు మొగ్గలేదు.

మన దగ్గర పద్ధతి దీనికి పూర్తిగా వేరు, అందుకే మనవాళ్లకి ఇది వెంటనే ఎక్కదు. ఇండియాలో ప్లాంటు లోపలి లైన్లు ప్రైవేట్ సైడింగ్. రైల్వేవాళ్లు రేకు తెచ్చి ఎక్స్ఛేంజ్ యార్డులో పెట్టి వెళ్తారు, ఆ క్షణం నుంచి గడియారం మనది. లోపల మన ఇంజను, మన డ్రైవరు, మన డీజిలు. కిరాయిలో పైసా వాటా రాదు. ఫ్రీ టైమ్ దాటితే డెమరేజ్ మాత్రం వస్తుంది. ఒక వానాకాలం తడిసిన బొగ్గు టిప్లర్‌లో (వ్యాగన్‌ని తిరగేసి సరుకు దింపే యంత్రం) దిగక వ్యాగన్‌కి అతుక్కుపోయేది. మనుషుల్ని ఎక్కించి గడ్డపారలతో పొడిపించేవాళ్లం. ఆ నెల డెమరేజ్ బిల్లు చూసి మా పై ఆఫీసరు నన్ను పిలిచి, ఏమయ్యా వాన కూడా నీ షిఫ్టులోనే పడుతుందా అన్నాడు. యూనియన్ లాంటి రైల్వే చేతిలో ఉన్న మిల్లుకి ఆ సంభాషణే వేరు. అవతలి రైల్వేతో అది సరుకు అందుకునే కస్టమరుగా కాక, ఇంకో రైల్వేగా లెక్కలు చూసుకుంటుంది.

సరే, కొలిమి కారణానికి వద్దాం. దీన్ని తక్కువ చేసి మాట్లాడానేమో.

కొలిమి నుంచి వచ్చే ద్రవ ఇనుము దాదాపు 1,500 డిగ్రీల వేడి. లాడిల్‌లో పోసిన దగ్గర్నుంచి వేడి తగ్గుతూనే ఉంటుంది. ఖాళీ లాడిళ్లు సమయానికి కొలిమి కింద పెట్టకపోతే ఇనుము లోపలే పెరుగుతుంది, గాలి తగ్గించాలి, ఇంకా ఆలస్యమైతే ప్రమాదం. ఒక రాత్రి షిఫ్టులో పట్టా మార్చే పాయింటు సరిగ్గా పడక హాట్ మెటల్ బండి ఒక జత చక్రాలు పట్టా దిగాయి. బోల్తా పడలేదు, దేవుడి దయ. కానీ వెనక నిండు లాడిళ్లు రెండు, ముందు కొలిమి కింద ఖాళీలు లేవు. ప్రతి ఐదు నిమిషాలకీ ఫర్నేస్ కంట్రోల్ రూమ్ నుంచి ఫోన్. జాకీలు పెట్టి ఎత్తేసరికి తెల్లారింది. ఒక లాడిల్‌లో మెటల్ అంచుల వెంట గడ్డకట్టింది, దాన్ని తర్వాత ఆక్సిజన్ పైపులతో కోసుకోవాల్సి వచ్చింది. ఆ రాత్రి టెన్షన్ ఇప్పటికీ కలలోకి వస్తుంది.

ఇలాంటి బండ్లని పక్క రైల్వే కంపెనీ టైమ్‌టేబుల్ మీద ఎవరూ నడపరు. కార్నెగీ 1898లో నదికి అవతలి ఒడ్డునున్న క్యారీ కొలిముల్ని కొన్నాక, వాటి ఇనుము హోమ్‌స్టెడ్‌కి తేవడానికి రాంకిన్ దగ్గర నది మీద రైలు వంతెన వేయించాడు. నిప్పుల ఇనుము నది మీదుగా రాత్రీ పగలూ వెళ్లేది. పిట్స్‌బర్గ్ ఊళ్లోనే జోన్స్ అండ్ లాఫ్లిన్ వాళ్లకి ఇలాంటిదే ఇంకో వంతెన, ఇంకో సొంత రైల్వే ఉండేవి. ఆ రైల్వే పేరు మోనంగహేలా కనెక్టింగ్.

ఇంజన్ల గురించి ఒక్క మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. కొండ లోయలో మలుపులు, ఎత్తులు, వాటి మీద ఖనిజం రేకులు. మామూలు షంటింగ్ ఇంజను చాలదు, పొడుగాటి మెయిన్‌లైన్ ఇంజను ఆ యార్డుల్లో ఇమడదు. అందుకని 1936 నుంచి 1939 మధ్య బాల్డ్విన్ కంపెనీ దగ్గర తొమ్మిది ఆవిరి ఇంజన్లు చేయించుకున్నారు. 0-10-2 రకం: ముందు చిన్న చక్రాలు లేవు, లాగే చక్రాలు ఐదు జతలు, వెనక పెద్ద ఫైర్‌బాక్స్‌ని మోయడానికి ఒక జత. ముందు చిన్న చక్రాలు లేకపోతే వేగంగా పోలేదు, ఇక్కడ వేగం ఎవరిక్కావాలి? బరువంతా లాగే చక్రాల మీద పడాలి, అంతే. ఈ రకానికి అమెరికాలో "యూనియన్" అనే పేరే నిలిచింది. డీజిల్ వచ్చాక 1949లో వాటిని మెసాబి ప్రాంతంలో ఖనిజం మోసే డులూత్, మిస్సాబే అండ్ ఐరన్ రేంజ్‌కి అమ్మేశారు. అదీ అప్పట్లో యూఎస్ స్టీల్ కుటుంబంలోదే.

తర్వాత పతనం మీకు తెలిసిందే, త్వరగా చెప్పేస్తాను. క్యారీ 1982లో, డుకేన్ 1984లో, హోమ్‌స్టెడ్ 1986లో, మెకీస్‌పోర్ట్ గొట్టాల మిల్లు 1987లో మూతపడ్డాయి. ఐదేళ్లలో యూనియన్‌కి ఉన్న కస్టమర్లలో ఎక్కువమంది పోయారు.

మరి ఎలా మిగిలింది? మిగిలిన మూడు ప్లాంట్లూ నిజానికి ఒకే ప్లాంటు, మైళ్ల దూరంలో ముక్కలుగా ఉంది. క్లెయిర్‌టన్‌లో కోక్ తయారవుతుంది. అది బ్రాడక్‌లో ఎడ్గర్ థామ్సన్ కొలిములకి వెళ్లాలి. అక్కడ పోతపోసిన స్లాబులు, అంటే ఉక్కు దిమ్మెలు, రేకులుగా సాగదీసే ఇర్విన్ రోలింగ్ మిల్లుకి వెళ్లాలి. ఇర్విన్ 1938లో కొండ మీద కట్టింది. ఈ మూడూ ఒకే ప్రహరీలో ఉంటే కన్వేయర్ బెల్టుతోనో లోపలి ఇంజన్లతోనో అయిపోయేది. మధ్యలో ఊళ్లు, నది, కొండలు ఉన్నాయి కాబట్టి యూనియన్ కావాలి. మీరు బ్రాడక్‌లో చూసే బండ్లు చాలావరకు ఈ కోక్, ఈ స్లాబులే అయి ఉంటాయి. ఈసారి లోడు గమనించండి.

యజమానులు మాత్రం మారుతూ వచ్చారు. 1988లో ఈ రైల్వేలన్నిటినీ ట్రాన్‌స్టార్ అనే కంపెనీ కింద పెట్టి ఎక్కువ వాటా బ్లాక్‌స్టోన్ అనే పెట్టుబడి సంస్థకి అమ్మారు. 2001లో విడిపోయినప్పుడు యూనియన్ మళ్లీ యూఎస్ స్టీల్‌కే వచ్చింది, బెస్సెమర్ బ్లాక్‌స్టోన్ వైపు వెళ్లి 2004లో కెనడియన్ నేషనల్ చేతికి పోయింది. 2021లో ట్రాన్‌స్టార్‌ని 64 కోట్ల డాలర్లకి ఫోర్ట్రెస్ సంస్థకి అమ్మేశారు. 2025లో యూఎస్ స్టీల్‌నే జపాన్ నిప్పన్ స్టీల్ కొనేసింది. అంటే ఇప్పుడు మిల్లు యజమాని ఒకరు, దాని చుట్టూ తిరిగే రైల్వే యజమాని ఇంకొకరు. కార్నెగీ ఏ పరిస్థితి నుంచి బయటపడాలని 1894లో ఇది పెట్టాడో, ఒక రకంగా అక్కడికే వచ్చింది. నాకు ఇది నచ్చదు. మేం పనిచేసే రోజుల్లో షంటింగ్‌లో కొంత కాంట్రాక్టుకి ఇచ్చి చూశారు. కాగితం మీద ఆదా కనిపించింది. కానీ రాత్రి రెండింటికి అదనంగా ఒక ఇంజను కావాలంటే అవతలివాడు కాంట్రాక్టు కాగితం తీసేవాడు. అయితే నాది పాతకాలపు బుర్ర కావచ్చు. బయటి యజమానికి వేరే కస్టమర్లని వెతుక్కునే ఆశ ఉంటుంది, అది రైల్వేకి మంచిదే.

రెండు జాగ్రత్తలు. ఇంటర్నెట్‌లో "క్లాస్ 3 రైల్వే" అని చదివి చిన్నది, పనికిరానిది అనుకోకండి. ఆ వర్గీకరణ ఆదాయాన్ని బట్టి, పొడుగుని బట్టి కాదు. యార్డు, టెర్మినల్ పని చేసే రైల్వేలనైతే ఆదాయం ఎంతున్నా ఆ కోవలోనే వేస్తారు. రెండోది, ఉక్కు రైల్వేలన్నిటి గతీ ఇదే అనుకోవద్దు. బఫెలో దగ్గర బెత్లెహెమ్ స్టీల్ వాళ్ల సౌత్ బఫెలో రైల్వే ఉంది. వాళ్ల లాకవన్నా మిల్లులో ఉక్కు తయారీ 1983లో ఆగిపోయినా రైల్వే బతికింది. 2001లో జెనెసీ అండ్ వయోమింగ్ అనే రైల్వే సంస్థ దాన్ని కొనుక్కుంది. నేను పైన చెప్పిన మోనంగహేలా కనెక్టింగ్‌కి ఆ అదృష్టం లేదు.

చూడాలనుకుంటే క్యారీ కొలిములు రెండు ఇంకా నిలబడి ఉన్నాయి, 2006లో జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు, గైడుతో లోపలికి తీసుకెళ్తారు. ఆ 0-10-2 ఇంజన్లలో మిగిలింది ఒక్కటే, 604 నంబరుది, కారులో ఉత్తరానికి వెళ్తే గ్రీన్‌విల్ రైల్వే పార్కులో ఉంది. పక్కన నిలబడితే చక్రం మన భుజం దాకా వస్తుంది. అంత దూరం వద్దనుకుంటే సౌత్ సైడ్‌లో హాట్ మెటల్ బ్రిడ్జి ఎక్కండి. మోనంగహేలా కనెక్టింగ్ నిప్పుల ఇనుము మోసిన వంతెన అదే, ఇప్పుడు కార్లు, సైకిళ్లు పోతున్నాయి. మా మనవడు దాని మీదే సైకిల్ నేర్చుకున్నాడు.